గోడ వెంట నాలుగు జిల్లేడు చెట్లు

(మన సంఘం వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ప్రతి ఏడూ పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకోవడం మనకు రివాజు. ఈసారి కార్యదర్శిగారు మా ఇద్దరినీ పిలిచి, "మీరు ఇన్నేళ్ళుగా పురుగుల వెంట, పుట్రల వెంట తిరుగుతున్నారు కదా, ఆ సంగతేదో మన పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సీతాకోకచిలుకల ఫోటోలు తీయడం కూడా ఒక ఉపన్యాసానికి విషయమేనా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మా ఇళ్ళల్లోనూ నవ్వారు. నవ్వినవాళ్ళే తర్వాత కరివేపాకు చెట్టు మీద పురుగు కనబడితే మాకు కబురు పెట్టారు.

మమ్మల్ని మీరు ఎరుగుదురు. మాలో ఒకరు పాత ఊళ్ళో ఫోటో స్టూడియో నడిపినవారు. ఇంకొకరు బడిలో సైన్సు చెప్పి రిటైరయినవారు. ఈ మాటలు ఇద్దరమూ కూర్చుని రాసుకున్నాము. చదివేది ఒక్కరం. తప్పులుంటే మాత్రం ఇద్దరివీ.

మొదలు పెట్టింది 1988లో. స్టూడియోలో పెళ్ళి ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు తీసి తీసి విసుగొచ్చిన రోజులవి. ఒక ఆదివారం మాస్టారు స్టూడియోకు వచ్చి, "భాయ్, పాఠ్య పుస్తకంలో సీతాకోకచిలుక బొమ్మ నల్లగా మసి పూసినట్టుంది. పిల్లలు అది గబ్బిలమా అని అడుగుతున్నారు. నీ కెమెరాతో ఒక మంచి బొమ్మ తీసి పెట్టరాదూ?" అని అడిగారు. దానిదేముంది, అరగంట పని అనుకున్నాము. నాలుగు నెలలు పట్టింది.

ఎందుకు పట్టిందో పిల్లలకు చెప్పాలి. మామూలు కెమెరా దూరంగా ఉన్న మనిషిని తీయడానికి చేసింది. దగ్గరికి తీసుకుపోతే బొమ్మ మసకబారుతుంది. దగ్గరి బొమ్మ కావాలంటే లెన్సును ఫిల్ముకు దూరంగా జరపాలి. అందుకని లెన్సుకూ కెమెరాకూ మధ్య ఖాళీ గొట్టాలు బిగిస్తారు. 50 మిల్లీమీటర్ల లెన్సుకు 50 మిల్లీమీటర్ల గొట్టం బిగిస్తే పురుగు అసలు ఎంతుందో ఫిల్ము మీద అంతే పడుతుంది. అయితే దాంతో రెండు తిప్పలు వస్తాయి. లోపలికి వచ్చే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. స్పష్టంగా కనబడే మేర ఒకటి రెండు మిల్లీమీటర్లే మిగులుతుంది. కన్ను స్పష్టంగా ఉంటే రెక్క కొస మసక, రెక్క కుదిరితే కన్ను మసక. మనం ఊపిరి పీల్చి వదిలితే చాలు, కుదిరింది కాస్తా తప్పిపోతుంది.

ఆ రోజుల్లో ఒక రోలుకు 36 బొమ్మలు. స్లయిడు ఫిల్మయితే కడిగించడానికి బయటి ఊరికి పంపాలి. తిరిగి రావడానికి రెండు మూడు వారాలు. వచ్చాక చూసుకుంటే 36లో 30 చెత్త, నాలుగు పరవాలేదు. మిగిలిన రెండింటిలో సీతాకోకచిలుక లేచిపోయి ఉత్త పువ్వు మిగిలి ఉండేది. మా ఇంటావిడ ఆ పువ్వుల బొమ్మలు చూసి, "వీటికా ఇంత డబ్బు పోస్తున్నారు?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాము.

ఇక్కడ మేము చేసిన ఒక తప్పు పని సభాముఖంగా ఒప్పుకోవాలి. 1991లో అనుకుంటాము, కుదురుగా ఒక్క బొమ్మయినా తీయాలన్న పంతం కొద్దీ ఒక సీతాకోకచిలుకను పట్టాము. పురుగులకు మనకున్నట్టు ఒంట్లో సొంత వేడి ఉండదు, చల్లబడితే కదలలేవు అని మాస్టారికి తెలుసు. స్టూడియోలో ఫిల్ములు దాచే చిన్న ఫ్రిజ్ ఉండేది. టిఫిను డబ్బాలో దాన్ని పెట్టి పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచుదాము అనుకున్నాము. ఇంతలో ఎవరో పెళ్ళివారు ఆల్బం కోసం వచ్చారు. మాటల్లో పడి మరిచిపోయాము. గుర్తొచ్చి తీసేసరికి కాళ్ళు ముడుచుకుని పడి ఉంది. అయినా దాన్ని ఒక పువ్వు మీద ఆనించి బొమ్మ తీశాము. ఆ బొమ్మ చాలా బాగా వచ్చింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. బడిలో గోడకు కట్టారు. ఒక పిల్లవాడు దాన్ని చూసి, "సార్, ఇది నిద్రపోతోందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న విన్నాక ఇద్దరమూ ఒక మాట అనుకున్నాము. ఇకమీదట పట్టేది లేదు, చల్లార్చేది లేదు. అది ఉన్నచోటికి మనమే పోవాలి, అది ఒప్పుకుంటేనే బొమ్మ.

మనకు తెలిసిన పెద్దమనిషి ఒకరి సంగతి ఇక్కడ చెబితే బాగుంటుంది. సలీం అలీ గారు 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిట్ట అని తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకుపోతే, అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ దొర దాని పేరు చెప్పి, తమ దగ్గరున్న పక్షులన్నిటినీ చూపించారట. ఆ కుర్రవాడే తర్వాత 1931-32లో మన హైదరాబాదు సంస్థానంలోని పక్షులన్నిటినీ సర్వే చేశాడు. దేశంలో పక్షుల గురించి ఎవరు ఏది రాసినా ఆయన పేరు తలచుకోక తప్పని స్థితికి వచ్చాడు. 1985లో వచ్చిన ఆత్మకథకు ఆ నేలరాలిన పిచ్చుక మీదనే పేరు పెట్టుకున్నారు. మేము ఆయనతో పోల్చుకోవడం లేదు, అంత మాట అనలేము. పిల్లవాడి చేతిలో ప్రాణం పోయినప్పుడు తిట్టి పంపకుండా "దీని పేరేమిటో తెలుసా?" అని అడిగే పెద్దవాడు ఒకరుండాలని మాత్రం అంటున్నాము.

ఇక అది ఉన్నచోటికి పోవడమంటే ఎక్కడికి? మొదట్లో పూలతోటలకు పోయేవాళ్ళము. తర్వాత తెలిసింది, పువ్వు దానికి హోటలు లాంటిది. వచ్చి తాగి పోతుంది. ఇల్లు వేరే ఉంది. గుడ్డు పెట్టే మొక్క ఏదో అదే దాని ఇల్లు. చాలా జాతులకు కొన్ని రకాల మొక్కలే పనికొస్తాయి. ఆ ఆకులు తప్ప వాటి గొంగళిపురుగులు వేరే ఆకు ముట్టవు, ఆకలితో చస్తాయే కాని తినవు. నిమ్మ, కరివేపాకు మీద పెరిగేది ఒకటి. రేల చెట్టు మీద పెరిగేది ఒకటి. ఆముదం మీద ఒకటి, గన్నేరు మీద ఒకటి, గాడిదగడప మీద ఒకటి. మరియా సిబిల్లా మెరియన్ అనే జర్మనీ చిత్రకారిణి 1699లో, 52 ఏళ్ళ వయసులో, కూతురిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినాముకు ఓడలో పోయింది. 1705లో వేసిన పుస్తకంలో పురుగులను అవి తినే మొక్కల మీద, గుడ్డు నుంచి రెక్కల దాకా గీసి చూపించింది. కెమెరా లేని కాలంలో ఆమెకు తెలిసిన సంగతి, కెమెరా ఉన్న మాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

మొక్క తెలిశాక మా వెదుకులాట మన ఖబరస్తాన్ దగ్గర ఆగింది. అవును, మనదే. తూర్పు గోడ వెంట, సమాధులు లేని మేర, జిల్లేడు చెట్లు నాలుగు ఉండేవి. ఫజర్ తర్వాత పోయి కూర్చునేవాళ్ళము. కొత్తవాళ్ళు చూసి ఎవరి సమాధి దగ్గరికో వచ్చామనుకుని మా పక్కన నిలబడి దువా చేసి పోయేవారు.

ఒక్క జిల్లేడు కొమ్మ మీద ఎంత సంసారం ఉంటుందో చూడండి. ఆకు అడుగున ముత్యమంత కూడా లేని తెల్లటి గుడ్డు. మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది. వచ్చే పురుగు ఒంటి మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటివి. అది రెండు వారాల పాటు తిని తిని, చర్మం విడిచి విడిచి పెరిగి, తలకిందులుగా వేలాడి గూడు అవుతుంది. వారం పది రోజులకు, పొద్దున పూట, నారింజ రంగు రెక్కలతో బయటికొస్తుంది. రెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో తెల్ల మచ్చలు. ఇంగ్లీషువాళ్ళు ప్లెయిన్ టైగర్ అన్నారు. జిల్లేడు పాలలోని విషం దానికి ఎక్కదు సరికదా, ఒంట్లో నిలవ చేసుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ దాని జోలికి రాదు.

అదే కొమ్మ మీద పసుపు పచ్చని పేనుబంక ఉంటుంది. దాన్ని తినడానికి ఎర్రటి అక్షింతల పురుగులు వస్తాయి. పేనుబంక నుంచి కారే తీపి కోసం చీమలు వచ్చి కాపలా కాస్తాయి. నీలం, పసుపు చారల మిడత ఒకటి ఆకులు నములుతూ ఉంటుంది. పువ్వు మీదికి నల్లటి తుమ్మెద ఝుమ్మని వచ్చి వాలుతుంది. ఫోటో తీయడానికి అడవులకు పోనక్కరలేదు. ఒక కొమ్మ ముందు గంటసేపు కూర్చోగల ఓపిక ఉంటే చాలు.

ఇంకొక చిత్రం. విషమున్న ఈ సీతాకోకచిలుకను చూసి, విషం లేని వేరే జాతి ఆడది అచ్చం అదే వేషం వేస్తుంది. పిట్టలు మోసపోతాయి. మేమూ ఏళ్ళ తరబడి మోసపోయాము. రెండు స్లయిడ్లు పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూస్తే తెలిసింది. అసలుదానికి వెనక రెక్క నడుమ మూడో నాలుగో నల్ల చుక్కలు, వేషధారికి ముందంచు దగ్గర ఒక్కటే చుక్క. ఆ వేషధారి గుడ్లు పెట్టేది మనం పప్పులో వేసుకునే గంగపావిలి కూర మీద. అది కూడా ఆ గోడ వెంట నేల మీద పాకి ఉండేది. ఫోటో వల్ల ఉపయోగమేమిటని అడిగేవారికి ఇదే మా జవాబు. ఎగిరేదాన్ని కన్ను చూడగలదు గాని లెక్కపెట్టలేదు. నిలిచిన బొమ్మలో చుక్కలు లెక్కపెట్టవచ్చు.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి తెచ్చిన గోడ చిత్రం ఒకటి ఉంది. నెబామున్ అనే ఉద్యోగి సమాధి లోపల గీసింది, 3,300 ఏళ్ళకు పైబడినది. అందులో పిట్టల మధ్య ఎగురుతున్నది ఈ నారింజ రంగు సీతాకోకచిలుకే. ఆ సంగతి చదివిన రోజు మేమిద్దరం గోడ దగ్గర కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాము. 2006లో షబే బరాత్ సెప్టెంబరులో వచ్చింది. ప్రతి ఏడూ లాగానే ఖబరస్తాన్ శుభ్రం చేయించాలి. కొడవళ్ళతో కోయించడానికి కూలీలు దొరకడం లేదు, ఖర్చు ఎక్కువవుతోంది కాబట్టి గడ్డి మందు కొట్టించాలని కార్యవర్గం తీర్మానించింది. ఆ తీర్మానం కింద సంతకాలు చేసినవారిలో మేమిద్దరమూ ఉన్నాము. ఎవరినీ అనడానికి లేదు. గోడ దాకా కొడతారని మాకు తట్టలేదు, మేము అడగనూ లేదు.

మందు కొట్టిన నాలుగో రోజుకు జిల్లేడు ఆకులు పాలిపోయాయి. వారానికి వాడి వేలాడాయి. వానలు పడ్డాక పురుగులు బాగా ఉండే కాలమది. పట్టీల పురుగులు ఎండిన కొమ్మల మీద పైకి పోయి, కిందికి దిగి, గోడ మీద పాకి, ఆకు కోసం వెదికాయి. ఒక రోజు పొద్దున ఇరవై మూడు లెక్కపెట్టాము. సంచిలో వేరే చోటి నుంచి జిల్లేడు ఆకులు తెచ్చి పెట్టాము. కొన్ని తిన్నాయి. ఎక్కువ భాగం చీమల పాలయ్యాయి. ఆ రోజు కెమెరా మెడలోనే ఉంది, ఒక్క బొమ్మ కూడా తీయలేదు.

తర్వాత 2009 అక్టోబరు 2 సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగి కర్నూలు పాత ఊరు నీట మునిగింది. ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు అనుకున్నవాళ్ళము మనం. స్టూడియోలోకి నీళ్ళు పైకప్పు దాకా వచ్చాయి. రెండు ట్రంకు పెట్టెల స్లయిడ్లు, ఇరవై ఏళ్ళ పని, బురదలో కలిసింది. నీళ్ళు దిగాక తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలు మిగిలాయి, లోపల రంగు లేదు. చుక్కలు లెక్కపెట్టిన ఆ రెండు స్లయిడ్లూ పోయాయి.

ఇళ్ళు పోయినవాళ్ళ ముందు స్లయిడ్ల గురించి ఏడవడానికి సిగ్గేసింది, ఎవరికీ చెప్పుకోలేదు. ఖబరస్తాన్‌లోనూ మోకాలెత్తు ఒండ్రు పేరుకుంది. సమాధుల మీదిది తీయించాము గాని గోడ దాకా పోవడానికి సంఘం దగ్గర డబ్బు లేదు. ఆ చోటు అలాగే మిగిలిపోయింది. మరుసటి ఏడు వానలకు ఆ ఒండ్రులో జిల్లేడు మొలిచింది. దూది గింజ గాలికి ఎగిరి వచ్చిందో, పాత వేరే చిగిర్చిందో తెలియదు. ఇంకొక ఏడాదికి ఒక పొద్దున మాస్టారు ఫోన్ చేసి, "భాయ్, వచ్చేసింది" అన్నారు. ఏది వచ్చిందని నేను అడగలేదు. కెమెరా తీసుకుని పోయాను. పోయిన బొమ్మలు మళ్ళీ తీసుకోవచ్చు, తీయడానికి అది ఉంటే. అది లేకపోతే పెట్టెల నిండా ఉన్న బొమ్మలు ఏం చేసుకోను?

పిల్లలూ, ఇప్పుడు మీకు నాలుగు మాటలు. మీకు ఫిల్ము ఖర్చు లేదు, ఇంట్లో ఫోన్ ఉంది. దానికి తగిలించే చిన్న లెన్సు కొన్ని వందలకే దొరుకుతుంది, కొన్ని ఫోన్లలో దగ్గరి బొమ్మ తీసే సదుపాయం ముందే ఉంటుంది. పొద్దున్నే లేవండి. ఎండ ఎక్కక ముందు పురుగు ఒళ్ళు చల్లగా ఉండి కుదురుగా కూర్చుంటుంది. మీ నీడ దాని మీద పడనివ్వకండి. నిలబడి కాకుండా, దాని ఎత్తుకు వంగి, ఆగి ఆగి దగ్గరికి పోండి. కన్ను స్పష్టంగా రావాలి. రెక్కలు మూసుకుని ఉంటే పక్క నుంచి, విప్పుకుని ఉంటే పై నుంచి తీయండి, అప్పుడు రెక్క అంతా ఒకే తీరుగా కుదురుతుంది. అది కూర్చున్న ఆకును కూడా ఒక బొమ్మ తీయండి, లేకపోతే పేరు చెప్పడం కష్టం. పట్టుకోవద్దు. రెక్క మీది రంగు పొడి వేలికి అంటితే మళ్ళీ రాదు. పైగా 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం కొన్ని జాతులను పట్టడం నేరం కూడా.

ముందు మీ ఇంటి కరివేపాకు చెట్టు చూడండి. పిట్ట రెట్ట లాంటిది ఆకు మీద కనిపిస్తే తుడిచేయకండి, అది పురుగు పిల్ల కావచ్చు. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. కదిలిస్తే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు చాచి వాసన వదులుతుంది. అమ్మలకు మా మనవి ఒక్కటే, నాలుగు రెబ్బలు దానికి వదలండి. చెట్టు మళ్ళీ చిగురేస్తుంది.

చివరగా పెద్దలకు మా విన్నపం. 2025లో షబే బరాత్ ఫిబ్రవరి మధ్యలో వచ్చింది. అప్పటికి పురుగులు తక్కువ, గోడ వెంట కోసినా పెద్ద నష్టం లేదు. కానీ మన చాంద్ర సంవత్సరం ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతుంది. 2030కి డిసెంబరు, 2034 ప్రాంతానికి అక్టోబరు వస్తుంది. అంటే వానలు వెలిసి సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే రోజులకే మన శుభ్రం చేసే పని మళ్ళీ పోయి తగులుకుంటుంది. అప్పటికి మేముంటామో లేదో. అందుకని ఇప్పుడే అడుగుతున్నాము.

తూర్పు గోడ వెంట మూడడుగుల మేర మందు కొట్టించవద్దు. కోయవలసి వస్తే కొడవలితో కోయిద్దాము, ఒక ఏడు సగం, మరుసటి ఏడు మిగతా సగం. కోసే ముందు రోజు పొద్దున మన పిల్లలు పోయి, ఆకుల అడుగు చూసి, ఉన్నవాటి బొమ్మలు తీసి ఒక రిజిస్టరులో రాస్తారు. ఆ రిజిస్టరు మేము కొనిస్తాము. పాములు చేరతాయని కొందరు అంటారు, ఆ భయం న్యాయమైనదే. అందుకే దారులు, సమాధుల చుట్టూ పూర్తిగా శుభ్రంగా ఉండాలని మేమే మొదట అంటాము. కూలి ఖర్చు పెరుగుతుందంటే, ఆ మూడడుగుల కూలి మేమిద్దరం ఇచ్చుకుంటాము. కార్యవర్గం ఆలోచించి కాదంటే అదీ శిరసావహిస్తాము, కాని మరుసటి సభలో మళ్ళీ అడుగుతాము.

ఇవాళ నాలుగు చెట్లు ఉన్నాయి. నిన్న పొద్దున చూసి వచ్చాము. మూడో చెట్టు మీద, దక్షిణం వైపు కొమ్మకు, ఒక ఆకుపచ్చ గూడు వేలాడుతోంది. ఈ వారంలోనే విచ్చుకోవాలి. చూడాలనుకున్న పిల్లలు పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఏ పొద్దునయినా రండి, మేము అక్కడే ఉంటాము. ముట్టుకోకుండా నిలబడితే చాలు.